లంగరు లాంతరుకి బొట్టు

నేను ఒక లాంతరును. లాంతరు అనగానే దొడ్లో గేదె ఈనినప్పుడు పట్టుకెళ్లే గాజు చిమ్నీ దీపం మీ కళ్లముందు కదిలిందేమో. అది నా దూరపు చుట్టం. నేను లంగరు లాంతరును. తెరచాప పడవ నడుస్తున్నంతసేపూ నాకు పనిలేదు, అడుగు గదిలో తాళ్లచుట్టల మధ్య పడుకుని ఉంటాను. పడవ ఆగి, లంగరు నీళ్లలో పడి, పొద్దు గూకాక నా కొలువు మొదలవుతుంది. ‘మేం ఇక్కడే ఉన్నాం, కదలడం లేదు, మీరే చూసుకుని పక్కనుంచి వెళ్లండి’ అని నాలుగు దిక్కులకీ చెప్పడమే నా ఉద్యోగం. ఈమాత్రం చెప్పడానికి అంత ఇత్తడి దేనికని అనుకోకండి. మనుషులు పొద్దస్తమానం మాట్లాడుకుని కూడా ఇంత చిన్న మాట ఒకరికొకరు సరిగ్గా చెప్పుకోలేకపోవడం నేను కళ్లారా చూశాను.

నన్ను చేసింది కాకినాడ జగన్నాథపురంలో బ్రహ్మలింగాచారి అనే కంచరి. విరగ్గొట్టిన ఓ పాత ఓడలోంచి వచ్చిన అద్దం ఆయన చేతికి దొరికింది. గుండ్రంగా, మందంగా, గట్లు గట్లుగా పోతపోసిన అద్దం. లోపల వెలిగే చిన్న ఒత్తిని అది దూరానికి పెద్దదిగా చేసి చూపిస్తుంది. ఆ అద్దానికి తగ్గట్టు ఇత్తడి రేకు కొట్టి అడుగూ, మూతా, పైన కొక్కెమూ, గాలికి గిరగిరా తిరిగిపోకుండా తాళ్లు కట్టుకోవడానికి అటూ ఇటూ రెండు చెవులూ అమర్చాడు. ఆయన భార్య వచ్చి చూసి, “ఇదేటండీ, గుమ్మడికాయలా ఉంది” అంది. ఆయనకి కోపం వచ్చింది కాని, నిజం చెప్పాలంటే నేను కొంచెం అలాగే ఉంటాను.

నన్ను మొదట కొన్నది ఒక కొబ్బరికాయల వ్యాపారి. ఆయనకి పడవ లేదు. సముద్రమంటే భయం కూడా. నా మెరుపు చూసి ముచ్చటపడి తీసుకెళ్లి అరుగు మీద వేలాడదీసి, నా వెలుగులో పేకాట పెట్టించాడు. నా వెలుగు ముక్కల మీద తప్ప అన్నిచోట్లా పడింది. ఎదురింటివాళ్లకి కంటిమీద కునుకు లేకుండా పోయింది. చివరికి వీధిలో వాళ్లంతా పోట్లాటకి రావడంతో ఆయన నన్ను వదిలించుకున్నాడు. అలా నేను తాళ్లరేవు వాడైన కామాడి దానయ్య చేతికి వచ్చాను.

దానయ్య ‘నూకాలమ్మ’ అనే తెరచాప నావకి తండేలు, అంటే దాని నడకకీ నిలకడకీ మనుషులకీ అన్నిటికీ పూచీదారు. ఇంజన్లు ఇంకా అన్ని పడవలకీ ఎక్కని రోజులవి. పెంకులూ ఉప్పూ కొబ్బరికాయలూ వేసుకుని గాలిని నమ్ముకుని తిరిగేవారు. ఏరు సముద్రంలో కలిసే మొగలో నీళ్లు చాలకపోతే పోటు వచ్చేదాకా కాకినాడ రేవు బయట లంగరు వేసుకుని కూర్చునేవారు. ఆ చుట్టుపక్కల ఓడలు, లాంచీలు, బార్జీలు సంతలా తిరుగుతుంటాయి. అందుకే దీపం విషయంలో దానయ్య మహా చాదస్తుడు.

ఆ చాదస్తం ఎలాంటిదో చెబుతాను. పడవ నడుస్తున్నప్పుడు దాని ఎడమపక్క ఎర్ర దీపం, కుడిపక్క ఆకుపచ్చ దీపం వెలగాలి. వాటిని చూసి ఎదుటివాడు అది ఎటు పోతోందో లెక్క కట్టుకుంటాడు. లంగరు వేశాక ఆ రెండూ ఆర్పేసి, ముందువైపు ఎత్తుగా నన్నొక్కదాన్నే కట్టాలి. తెల్లగా, నలువైపులకీ కనబడేలా. ఇది దానయ్య పెట్టిన నియమం కాదు, సముద్రం మీద తిరిగే అందరికీ ఒకటే చట్టం. కానీ చాలామంది తండేళ్లు వంట చూసుకోవడానికి పనికొస్తుందని దీపాన్ని వెనకపక్క పొయ్యి దగ్గర కట్టేసేవారు. దించిన తెరచాప అడ్డొచ్చి ముందునుంచి వచ్చేవాడికి చీకటి తప్ప ఏమీ కనబడేది కాదు. దానయ్య దగ్గర ఆ ఆటలు సాగేవి కావు.

“ఎర్రదీ పచ్చదీ ఆర్పారా? తెల్లదానికి తెల్లారేదాకా సరిపడా నూనుందా?” అని రోజూ అడిగేవాడు. జవాబు తెలిసి కూడా అడిగేవాడు. “పొయ్యికాడికి ఏరే బుడ్డి దీపం తెచ్చుకోండి. దీన్ని ముట్టుకున్నారంటే ఊరుకోను,” అనేవాడు.

నావ మీదికి ఆడవాళ్లు ఎక్కకూడదని వాళ్లలో ఒక పట్టింపు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు, అయినా ఎవరూ తప్పరు. అందువల్ల దానయ్య భార్య లోవకుమారి, ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే ఆ నావ మీద ఏనాడూ కాలుపెట్టలేదు. ఆమెకీ నావకీ ఉన్న సంబంధమల్లా నేనే. నావ ఒడ్డుకి వచ్చినప్పుడల్లా దానయ్య నన్ను చేతబట్టుకుని ఇంటికి వచ్చేవాడు. ఆమె గుమ్మంలో కూర్చుని నా అద్దాన్ని బూడిదతో తోమి, పాత చీర ముక్కతో గట్టు గట్టూ తుడిచి, మసిబారిన ఒత్తిని కత్తిరించి, మూత బిగించి చూసుకునేది. తుడుస్తూ నాతో మాట్లాడేది. “ఆయన్ని బాగా సూసుకో” అనేది. ఆ మాట ఎదురుగా ఉన్న ఆయనకే చెప్పొచ్చు కదా. చెప్పేది కాదు. ఆయన కూడా ఆమె తుడిచిన అద్దాన్ని వెలుగుకి ఎత్తి చూసి సంతోషపడేవాడే తప్ప, బాగా తుడిచావని ఒక్కనాడూ అనలేదు. ఇద్దరి మధ్యా నేను ఉండబట్టి సరిపోయింది.

దసరాకి ఆయుధపూజ వస్తుంది కదా. కత్తికీ కొడవలికీ కుట్టుమిషనుకీ లారీకీ అన్నిటికీ బొట్టు పెట్టే రోజు. లోవకుమారి నాకు పెట్టేది. ఏటా నా అద్దం మీద పొడి కుంకుమతో చిన్న బొట్టు పెడితే, నున్నటి గాజు కదా, ఇల్లు దాటకముందే రాలిపోయేది. ఆమెకి అది మనసులో పీకుతూ ఉండేదనుకుంటాను. ఆ ఏడు కుంకుమని కొబ్బరినూనెలో చిక్కగా కలిపి, అద్దం మధ్యలో రూపాయి బిళ్లంత బొట్టు పెట్టింది. వెనక్కి జరిగి చూసుకుని, “ఇక రాలదు” అంది. నాకు కూడా ఎంతో గర్వంగా అనిపించింది. ఇత్తడి ఒంటికి ఎర్ర బొట్టు ఎంత నిండుగా ఉంటుందో మీరే ఊహించుకోండి.

పండగ మర్నాడే నావ పెంకుల లోడుతో బయలుదేరింది. సాయంత్రానికి గాలి పడిపోయింది. రేవు బయట లంగరు వేశారు. దానయ్య అలవాటు ప్రకారం పక్క దీపాలు రెండూ తనే ఆర్పి, నన్ను వెలిగించి, ముందువైపు తాడుకి ఎత్తి, అటూ ఇటూ చెవులకి తాళ్లు బిగించాడు. నావ ఎడమవైపుకి తిరిగి ఉన్న బొట్టుని చూశాడు. ఇంటావిడ పెట్టిన బొట్టు, అందులోనూ ఇంత చిన్నది, అదేం చేస్తుందిలే అనుకున్నాడు. వెనక్కి వెళ్లి అందరితో పాటు పొయ్యి చుట్టూ కూర్చున్నాడు.

అద్దం వేడెక్కింది. కొబ్బరినూనె కరిగింది. బొట్టు మెల్లగా జారడం మొదలుపెట్టింది. జారి, గట్టు గట్టుకీ ఆగి, పక్కలకి పాకి, కాసేపటికి నా ఎడమవైపు అద్దమంతా పలచటి ఎర్ర తెర పరుచుకుంది. వెనక కూర్చున్నవాళ్లకి నేను ఎప్పటిలాగే తెల్లగా కనబడుతున్నాను. ఎడమవైపుకి మాత్రం ఎర్రగా, మందంగా కనబడుతున్నాను. అరిచి చెబుదామంటే నాకు నోరు లేదు. ఉన్నదల్లా వెలుగు, దానికేమో ఎర్ర తెర పడింది.

ఎడమవైపు నుంచి ఒక లాంచీ వస్తోంది. దాన్ని నడిపే సరంగు షేక్ మస్తాను నిదానమైన మనిషి. మసక చీకట్లో ఆయనకి ఎదురుగా ఒక ఎర్ర దీపం కనబడింది. ఎర్ర దీపం ఒక్కటే కనబడిందంటే ఆ పడవ ఎడమపక్క మనవైపు ఉందనీ, అది నడుస్తూ మన ఎడమచేతివైపుకి సాగిపోతోందనీ లెక్క. ‘పోనీ, దాని వెనకనుంచి తప్పుకుందాం’ అని చుక్కాని కాస్త కుడికి తిప్పాడు. సాగిపోవలసిన పడవ సాగలేదు. తను చేరేసరికి నా వెనక ఖాళీ సముద్రమే ఉంటుందనుకున్నాడు గాని, అక్కడ ఉన్నది పెంకులతో నిండిన మా నూకాలమ్మ.

తాకిడికి పక్క చెక్కలు పగిలిపోయాయి. సగం పెంకులు సముద్రం పాలయ్యాయి. తాడు తెగి నేను నావలోపల తాళ్లచుట్టల మీద పడి ఆరిపోయాను. మస్తాను లాంచీని ఆపి, తన మనుషుల్ని దింపి, నీళ్లు తోడించి, దెబ్బతిన్న నావని తాడు కట్టి రేవుకి లాక్కొచ్చాడు. దేవుడి దయవల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. ఆ సాయానికి దానయ్య దండం కూడా పెట్టాడు. ఆ తర్వాతే చెడింది.

“పక్క దీపం ఆర్పకుండా లంగరేశావేటయ్యా?” అన్నాడు మస్తాను.

దీపాల విషయంలో దానయ్యని ఆ మాట అనడమంటే, పూజారిని పట్టుకుని గుడి తలుపు తెరవలేదనడమే. ఆయన ఒంటికాలిమీద లేచాడు. “నా సేత్తో ఆర్పాను. తెల్ల దీపం కట్టాను. ఎర్ర దీపం ఎక్కడ సూశావు నువ్వు?”

“కళ్లారా సూశాను,” అన్నాడు మస్తాను.

మాటా మాటా పెరిగి, సంగతి రేవు ఆఫీసుకి చేరింది. తప్పు దానయ్యదని తేలితే నావ నడిపే అనుమతి రద్దవుతుంది. మస్తానుదని తేలితే ఆయన సరంగు పని పోతుంది. వేరే పని నేర్చుకునే వయసు ఇద్దరికీ దాటిపోయింది.

ఈలోగా ఆ కోపంలో నన్ను చూడనైనా చూడకుండా ఇంటికి తెచ్చాడు దానయ్య. లోవకుమారి ఎప్పటిలాగే గుమ్మంలో కూర్చుని బూడిద తీసుకుంది. అద్దం నిండా పాకిన ఎరుపుని చూసి, “అయ్యో, బొట్టు సెరిగిపోయింది” అని బాధపడి, శుభ్రంగా తోమేసింది. అప్పటికి ఆమెకి ఇంకేమీ తెలియదు. రాత్రి భోజనాల దగ్గర దానయ్య, “ఎర్ర దీపం సూశాట్ట, ఎర్ర దీపం” అని కంచం ముందు కూర్చుని కేకలేస్తుంటే ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. తలతిప్పి నావైపు చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేను. ఆ ఎర్ర దీపం తను పెట్టిన బొట్టేనని ఆమెకి తెలిసిపోయింది.

“ఓ మాట సెప్పనా?” అంది.

“నువ్వేం సెప్తావు? నువ్వు నావ మొకం సూశావా ఎప్పుడైనా?” అన్నాడాయన.

ఆమె ఆయన కంచంలో మరో గరిటె కూర వేసింది. ఆ తర్వాత చెప్పాలని చాలాసార్లు దగ్గరికి వచ్చేది, ఆగిపోయేది. చెబితే నావ పోతుంది. నావ పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. చెప్పకపోతే ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి నోటికాడ కూడు పోతుంది. అందరూ పడుకున్నాక నన్ను ఒళ్లో పెట్టుకుని, తుడవడానికేమీ లేకపోయినా తుడుస్తూ కూర్చునేది. నాకు ఆమెమీద చాలా జాలి వేసింది. ఇదంతా తెలిసినవాళ్లం ప్రపంచంలో మేమిద్దరమే, అందులో ఒకరికి నోరు లేదు.

విచారణ రోజున దానయ్య నన్ను గుడ్డలో చుట్టి రేవు ఆఫీసుకి తీసుకెళ్లాడు. లోవకుమారి వెంట వస్తానంది. ఆయన వద్దన్నా వినకుండా చెంగు నిండా కప్పుకుని వెనకాలే నడిచింది. రేవు అధికారి నెమ్మదస్తుడు, మాట తొందరపడే మనిషి కాదు. ఇద్దరూ చెప్పింది విని, “సరే, దీపమే చెబుతుంది” అని మమ్మల్నందరినీ పక్కనున్న గోదాంలోకి తీసుకెళ్లి తలుపులు మూయించాడు. చీకట్లో నన్ను వెలిగించి దూలానికి కట్టారు. ఆయన చుట్టూ తిరిగి చూశాడు. నేను ఏ మచ్చా లేకుండా, నలువైపులకీ తెల్లగా వెలిగాను. నా జన్మలో అంత బాగా వెలగడం, అంత సిగ్గుపడుతూ వెలగడం అదే మొదటిసారి.

దానయ్య మొహం విప్పారింది. అధికారి మస్తాను వైపు తిరిగాడు. “ఏమంటారు?”

మస్తాను తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. “నేను సూసింది ఎర్ర దీపమేనండి. ఉజ్జోగం నిలబెట్టుకోడానికి అబద్ధమాడేవోణ్ణే అయితే, అసలు దీపమే లేదని సెప్పేవోణ్ణి గదండీ. ఉందనే సెప్తన్నాను. ఎర్రగా ఉందని సెప్తన్నాను. ఆపైన మీ ఇష్టం.”

అధికారి తలుపులు తెరవమనబోతుంటే లోవకుమారి ముందుకి వచ్చింది. చెంగు ముడి విప్పింది. అందులో కుంకుమ భరిణె, చిన్న సీసాలో కొబ్బరినూనె ఉన్నాయి. అంటే బయలుదేరేటప్పుడే తెచ్చుకుందన్నమాట. తెచ్చుకుని కూడా అంతసేపూ తనతో తనే పోరాడుతూ నిలబడిందన్నమాట.

“ఇలాగ పెట్టానండి ఆయేళ,” అంటూ అరచేతిలో నూనె, కుంకుమ కలిపి నా అద్దం మీద బొట్టు పెట్టింది. “పండగ గదండీ. తెల్లారి అంతా ఎరుపైపోయుంటే నేనే తోమేశాను. ఆయనకి తెలవదు. ఈ సరంగు గారు అబద్ధమాడట్లేదండి.”

చీకట్లో అందరూ నన్నే చూస్తూ నిలబడ్డారు. అద్దం వేడిగానే ఉంది కనుక ఎక్కువసేపు పట్టలేదు. బొట్టు కరిగి, జారి, గట్లమీద పాకింది. మస్తాను నిలబడ్డ గోడవైపు వెలుగు ఎర్రబడింది. ఆయన మొహం కూడా ఎర్రగా కనబడింది. దానయ్య నిలబడ్డవైపు గోడ తెల్లగానే ఉంది. ఇద్దరూ చూసింది నిజమే. ఇద్దరూ ఒకే దీపాన్ని చూశారు.

దానయ్య భార్యని తిడతాడని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఆయన నావైపు చూసి, అధికారితో అన్నాడు. “ఆవిడిది కాదండి తప్పు. బొట్టు నేను సూశాను. సూసి, ఏమవుద్దిలే అనుకున్నాను. దీపం ఎత్తేముందు అద్దం తుడవాల్సింది తండేలండి. దీపం నాది.”

మస్తానుకి ఏ మచ్చా రాలేదు. దానయ్యకి ఆ ఏడాది నావ నడిపే అనుమతి ఆపేశారు, పూర్తిగా తీసేయలేదు. గోదాం బయటికి వచ్చాక ఆయన నన్ను చేతబట్టుకుని ఇంటిదారి పట్టాడు. ఇంటి మలుపు దగ్గర ఆగి, నన్ను చూపిస్తూ, “అద్దం మాత్రం బాగా తోముతావే నువ్వు,” అన్నాడు. లోవకుమారి అప్పుడు ఏడ్చింది. అంతదాకా ఆపుకున్నదంతా ఏడ్చింది. ఇన్నేళ్లుగా నా గాజుకి చెబుతూ వచ్చిన మాటలు ఆ సాయంత్రం ఆయనకే చెప్పింది. నాకు కొంచెం వెలితిగా అనిపించింది కానీ, అదే మంచిది.

ఆ ఏడాదంతా దానయ్య కుటుంబం చాలా ఇబ్బంది పడింది. మస్తాను తన లాంచీలో కూలికి పిలిచాడు. దానయ్య మొదట బెట్టు చేసి తర్వాత వెళ్లాడు. చెక్కలు బిగించుకుని నూకాలమ్మ మళ్లీ నీళ్లమీదికి వచ్చిన రోజున దానయ్య కొత్త పద్ధతి ఒకటి పెట్టాడు. లంగరు వేసి నన్ను ఎత్తి కట్టాక, అద్దం బాగా వేడెక్కేదాకా ఆగి, చిన్న దోనెలో కూర్చుని నావ చుట్టూ తిరిగేవాడు. నాలుగువైపుల నుంచీ నేను తెల్లగా కనబడితేనే భోజనానికి కూర్చునేవాడు. రేవులో వాళ్లు ముక్కున వేలేసుకుని, “దానయ్య దీపానికి ప్రదక్షిణం సేత్తన్నాడు” అని నవ్వేవారు. కొన్నాళ్లకి వాళ్లూ చేయడం మొదలుపెట్టారు. నవ్వినవాళ్లే ముందు మొదలుపెట్టారు, మనుషుల తీరే అంత. లోవకుమారి మాత్రం దసరాకి నా బొట్టు మానలేదు. చోటు మార్చింది. అద్దం మీద కాకుండా అడుగున ఇత్తడి మీద పెట్టేది.

ఇప్పుడు నూకాలమ్మ లేదు. ఆ తర్వాత వచ్చిన కొత్త పడవల మీద స్తంభం చివర చిన్న దీపం ఉంటుంది, ఎండని తాగి చీకటి పడగానే దానంతటదే వెలుగుతుంది. దానికి నూనె అక్కర్లేదు, ఒత్తి అక్కర్లేదు, తోమేవాళ్లు అక్కర్లేదు. దాన్ని చూస్తే నాకు అసూయ లేదు, కొంచెం జాలి ఉంది. నేను దానయ్య ఇంటి వరండాలో మేకుకి వేలాడుతున్నాను. ఇక్కడినుంచి సముద్రం కనబడదు, గాలిలో వాసన మాత్రం వస్తుంది.

మొన్న దసరాకి లోవకుమారి నన్ను దించి తోమింది. జుట్టు నెరిసింది, వేళ్లు వంకరపోయాయి, గట్టు గట్టూ తుడవడం మాత్రం మానలేదు. భరిణె తెచ్చి కుంకుమ వేలికి అద్దుకుంది. అలవాటుగా అడుగువైపు వంగబోతుంటే మంచం మీదనుంచి దానయ్య, “ఇంకా అడుగునేటే. అద్దం మీదే పెట్టు. ఇప్పుడు దీన్ని సూసి దారి తప్పేవోడెవడున్నాడు?” అన్నాడు.

నాకూ ఆశ కలిగింది. ఎన్నేళ్లయిందో అద్దం మీద బొట్టు పెట్టించుకుని. ఆమె వేలు గాజుదాకా వచ్చింది. వచ్చి ఆగింది.

“మస్తాను గారొత్తారు గదా సాయంత్రం,” అంది. “అసలే సూపు మందగించింది ఆయనకి. ఎర్రగా కనబడితే మనం ఎటో పోతన్నాం అనుకుని ఎళ్లిపోతారు.”

దానయ్య నవ్వాడు. ఆమె బొట్టుని అడుగున ఇత్తడి మీదే పెట్టి, పొద్దు గూకాక ఒత్తి వెలిగించి, వీధిలోంచి ఎటునుంచి వచ్చినా కనబడేలా వరండా ముందు స్తంభానికి నన్ను కట్టింది. మెట్లు దిగి, మోకాళ్లు పట్టుకుంటూ ఇల్లంతా ఒకసారి చుట్టి వచ్చి, నాలుగువైపుల నుంచీ చూసుకుంది. తర్వాత మూడు గ్లాసులకి టీ నీళ్లు పెట్టడానికి లోపలికి వెళ్లింది. నేను నాకు వచ్చిన ఆ ఒక్క మాటే చెబుతూ వెలుగుతున్నాను. మేం ఇక్కడే ఉన్నాం, కదలడం లేదు. వీధి చివర మస్తాను చేతికర్ర చప్పుడు వినిపిస్తోంది.